పెద్దాయన ఇచ్చిన తుపాకి పౌడర్ డబ్బాలు: వాడాలా, వదిలించుకోవాలా?

టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఒక ఊళ్ళో ఉంటున్న పాఠకులొకరు, పేరు వెయ్యవద్దని కోరుతూ, పెద్ద ఉత్తరం రాశారు. ఆయనకు 43 ఏళ్ళు. గ్రీన్‌కార్డు ఉంది. భార్య, తొమ్మిదేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు ఉన్నారు. షూటింగ్ క్లబ్బులో పరిచయమైన ఒక అమెరికన్ పెద్దాయన, రిటైరైన మెషినిస్టు, రైఫిల్ పట్టుకోవడం దగ్గర్నుంచి, కాల్చిన ఇత్తడి కేసుల్లో మళ్ళీ ప్రైమరు (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడరు (తుపాకి మందు), బుల్లెట్టు అమర్చి తూటా తయారు చేసుకునే రీలోడింగ్ దాకా ఈయనకు దగ్గరుండి నేర్పారు. ఆ పెద్దాయన నిరుడు చనిపోయారు. ఆయన భార్య ఈ మధ్య ఫోన్ చేసి, "ఇవి నీకే చెందాలని ఆయన అనేవాడు" అని చెప్పి, రీలోడింగ్ సామానంతా ఈయన కారులోకి ఎక్కించారు.

వచ్చిన సామానులో తూటా భాగాలను నొక్కి కూర్చే ప్రెస్సు, అందులో బిగించే అచ్చులు (డైలు), త్రాసు, ఇత్తడి కేసుల బకెట్లు, సీసపు బుల్లెట్లు ఉన్నాయి. పౌడర్ డబ్బాలు పదకొండు. వాటిలో నాలుగు సీలు తియ్యనివి, అయిదు కొంత వాడినవి, రెండు తుప్పు పట్టిన పాత రేకు డబ్బాలు. ఇవి కాక ఒక పెద్ద గాజు సీసా నిండా పౌడరు ఉంది. దాని మీద అంటించిన కాగితం ముక్క మీద "4831" అని చేత్తో రాసి ఉంది. ప్రైమర్లు ఏడు వేల దాకా ఉన్నాయి. ఎక్కువ భాగం కంపెనీ పెట్టెల్లోనే ఉన్నా, ఒక కాఫీ డబ్బాలో మాత్రం విడి ప్రైమర్లు సగం దాకా ఉన్నాయి. పెద్దాయన స్వయంగా నింపిన 30-06 అనే సైజు రైఫిల్ తూటాలు రెండు వందలు, ఏ రైఫిలుకు ఎంత పౌడరు పోశారో రాసుకున్న ఒక నోటు పుస్తకం కూడా వచ్చాయి. అన్నీ ఇప్పుడు గరాజులో, గ్యాస్ వాటర్ హీటర్ పక్కన ఉన్న అరల్లో ఉన్నాయి.

భార్య భయపడి, అన్నింటినీ చెత్తబండిలో వేసెయ్యమంటున్నారు. హెచ్1బి వీసా మీద ఉన్న తమ్ముడు, ప్రైమర్లు దొరకని రోజుల్లో ఇన్ని పారెయ్యడమేమిటి, సగం నాకిమ్మంటున్నాడు. విజిటర్ వీసా మీద గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నాన్నగారు, ఊళ్ళో బాబాయికి లైసెన్సు తుపాకి ఉంది కదా, ప్రెస్సు వాడికి పనికొస్తుంది, నేను తీసుకెళ్తానంటున్నారు. పెద్దాయన భార్య కలిసినప్పుడల్లా "వాడుతున్నావా?" అని అడుగుతున్నారు. "ఆయన చేతి వస్తువుల్ని పారేస్తే కృతఘ్నత అనిపిస్తోంది. వాడితే పిల్లల మొహాలు గుర్తొస్తున్నాయి. పౌడరు ఎన్నేళ్ళకు పాడవుతుందో చెప్పండి, చాలు," అని ఉత్తరం ముగించారు.

మీరు చివర్లో అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇబ్బందిలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. పౌడరుకు ఇన్నేళ్ళని గడువు లేదు. చల్లగా, పొడిగా, కంపెనీ డబ్బాలోనే ఉన్న పౌడరు నలభై ఏళ్ళ తర్వాత కూడా చక్కగా పనిచేసిన సందర్భాలు కోకొల్లలు. టెక్సస్ గరాజులో కొన్ని వేసవులు గడిపిన పౌడరు అంతకంటే చాలా ముందే చెడిపోవచ్చు. కాబట్టి ఒక్కొక్క వస్తువు దగ్గరా మీరు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. ఇది ఏమిటో నాకు ఖాయంగా తెలుసా? ఇన్నాళ్ళూ ఎక్కడ, ఎలా ఉందో తెలుసా? మొదటిదానికి జవాబు లేకపోతే, ఆ పౌడరు నిన్న తయారైనదైనా వాడకూడదు. పెద్దాయన ఇచ్చినదంతా ఒకే మూటగా చూడడం వల్ల మీకు "వాడాలి", "పారెయ్యాలి" అనే రెండు దారులే కనిపిస్తున్నాయి. మూట విప్పి చూస్తే దాచుకోవలసినవి, వాడుకోదగినవి, అప్పగించవలసినవి వేటికవి విడిపోతాయి.

అంతకంటే ముందు ఈ రోజే చెయ్యవలసిన పని ఒకటుంది. పౌడర్ డబ్బాలను, కంపెనీ పెట్టెల్లో ఉన్న ప్రైమర్లను వాటర్ హీటర్ పక్కనుంచి తియ్యండి. గ్యాస్ హీటర్లో మంట ఉంటుంది. డాలస్ వేసవిలో బయటే 38 డిగ్రీలు దాటే రోజులు వరుసగా వస్తాయి, మూసిన గరాజు లోపల ఇంకా ఎక్కువ. ఇంటి లోపల, ఏసీ ఉండే చోట, బట్టల అలమరా లాంటి పొడి స్థలంలో, పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి పెట్టండి. పౌడరు ఒక చోట, ప్రైమర్లు మరో చోట ఉండాలి. అయితే తుపాకులు పెట్టుకునే ఇనుప సేఫులోకి గాని, గట్టిగా బిగిసే ఇనుప పెట్టెలోకి గాని పౌడరును చేర్చకండి. భద్రమైన చోటని చాలామంది ఈ పొరపాటు చేస్తారు. బయట మంటపెడితే పౌడరు వేగంగా కాలిపోతుంది, అంతే. అదే పౌడరు గట్టి ఇనుప గోడల మధ్య అంటుకుంటే వాయువు బయటికి పోయే దారిలేక ఆ పెట్టే బాంబవుతుంది. పౌడర్ డబ్బాలు పల్చగా, సులభంగా విచ్చుకునేలా ఉండడానికి కారణం అదే. అమెరికాలో చాలా ఊళ్ళు అనుసరించే అగ్నిమాపక నియమావళి ప్రకారం నివాస గృహంలో కంపెనీ డబ్బాల్లోనే ఉన్న స్మోక్‌లెస్ పౌడరు (పొగ తక్కువ వచ్చే ఇప్పటి తుపాకి మందు) 20 పౌండ్ల దాకా, అంటే సుమారు 9 కిలోల దాకా, ఉంచుకోవచ్చు. అది దాటితే 50 పౌండ్ల దాకా అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టెలో పెట్టాలి. ప్రైమర్లకు పరిమితి పది వేలు. మీ ఊరి నియమం ఇంతకంటే కఠినంగా ఉండవచ్చు కనుక ఫైర్ మార్షల్ ఆఫీసులో కనుక్కోండి. లెక్క ప్రకారం మీ సరుకు పరిమితిలోనే ఉన్నట్టుంది గాని, గాజు సీసా, కాఫీ డబ్బా ఆ లెక్కలోకే రావు. అవి కంపెనీ డబ్బాలు కావు.

ఇప్పుడు ఆ కాఫీ డబ్బా సంగతి. మొత్తం సామానులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. ప్రైమర్ అంటే దెబ్బ తగిలితే పేలడానికే తయారుచేసిన వస్తువు. కంపెనీ వాళ్ళు ఒక్కొక్క ప్రైమరును ట్రేలో విడివిడి గుంటలో కూర్చోబెట్టేది, ఒకటి పేలినా పక్కది అంటుకోకుండా ఉండాలని. విడిగా ఒక డబ్బాలో పోస్తే ఆ ఏర్పాటు పోతుంది, ఒకటి పేలితే మిగతావన్నీ ఒక్కసారిగా పేలవచ్చు. పైగా ఏళ్ళ తరబడి ఒకదానికొకటి రాసుకుని అడుగున మందు ధూళి చేరి ఉండవచ్చు. దయచేసి దాన్ని కదిలించి లెక్కపెట్టకండి, మరో డబ్బాలోకి ఒంపకండి, కారులో ఎక్కడికీ తీసుకెళ్ళకండి. పిల్లలను గరాజులోకి రానివ్వకుండా తలుపుకు తాళం వేసి, మీ ఊరి అగ్నిమాపక శాఖ మామూలు నంబరుకు, అత్యవసర నంబరు 911కు కాదు, ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ళే వస్తారు, లేదా పోలీసుల బాంబు విభాగానికి కబురు చేస్తారు. ఇంటి ముందు ఆ బండి ఆగితే చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారోనన్న సంకోచం మన ఇళ్ళల్లో సహజమే. కానీ చనిపోయిన వారి గరాజుల్లోంచి ఇలాంటివి బయటపడడం అమెరికాలో అగ్నిమాపక సిబ్బందికి కొత్త కాదు. మీరు తప్పు ఒప్పుకోవడానికి ఫోన్ చెయ్యడం లేదు, సాయం అడగడానికి చేస్తున్నారు. నూనెలోనో నీళ్ళలోనో నానబెడితే ప్రైమర్లు చచ్చిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆరిన తర్వాత వాటిలో కొన్ని మళ్ళీ పేలతాయి.

గాజు సీసా విషయంలో మీరు రాసిన వాక్యం మరోసారి చదువుకోండి: "నోటు పుస్తకంలో కూడా 4831 అనే ఉంది, కాబట్టి రెండూ సరిపోయినట్టే కదా?" సరిపోలేదు. 4831 పేరుతో రెండు వేర్వేరు పౌడర్లున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం దగ్గర మిగిలిపోయిన పౌడరును బ్రూస్ హాడ్గ్‌డన్ కొని రీలోడర్లకు అమ్మిన వాటిలో ఒకటి 4831. అదే ఇప్పటి హెచ్4831 వంశం. 1970లలో డ్యూపాంట్ కంపెనీ ఐఎంఆర్ 4831 అనే మరో పౌడరును తెచ్చింది. ఇది హెచ్4831 కంటే వేగంగా మండుతుంది. నెమ్మదిగా మండేదానికి రాసిన తూకంలో వేగంగా మండేదాన్ని పోస్తే రైఫిల్లో తూటా కూర్చునే చాంబరులో పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. రెండూ చూడడానికి ముదురు బూడిదరంగు చిన్న కడ్డీలే. రంగు, పొడవు, వాసన చూసి ఏది ఏదో చెప్పగలిగినవారు లేరు, చెప్పగలమనేవారి మాట వినకూడదు. పెద్దాయనకు తన చేతిరాతలోని 4831 ఏదో తెలుసు. అది ఆయనతోనే పోయింది. ఆ సీసాలో కాలక్రమంలో రెండు మూడు డబ్బాల అడుగులు కలిసి ఉండే అవకాశమూ ఉంది. గాజు వెలుతురును లోపలికి రానిస్తుంది, వెలుతురు కూడా పౌడరుకు మంచిది కాదు. కాబట్టి సీసాలోది వాడే ప్రశ్నే లేదు. ఈ ఒక్క విషయంలో మీకు మరో దారి చూపించలేను.

మిగతా డబ్బాలకు దారులున్నాయి, కానీ అవి తెలియాలంటే పౌడరు ఎలా చెడిపోతుందో కొంచెం తెలియాలి. స్మోక్‌లెస్ పౌడరుకు ఆధారం నైట్రోసెల్యులోజ్. కొన్ని రకాల్లో నైట్రోగ్లిసరిన్ కూడా కలుస్తుంది. నైట్రోసెల్యులోజ్ తయారైన రోజు నుంచే అతి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ నైట్రోజన్ ఆక్సైడులను వదులుతుంది, ఆ వాయువులు తిరిగి విచ్ఛిన్నాన్నే వేగవంతం చేస్తాయి. పాలలో వేసిన తోడులాగా, మొదట ఏమీ తెలియదు, ఒక దశ దాటాక ఎవరూ ఆపలేరు. అందుకే తయారీలోనే డైఫినైలమైన్ లాంటి స్థిరీకరణ పదార్థం కొద్దిగా కలుపుతారు. అది ఆ వాయువులను పుట్టినవి పుట్టినట్టే పట్టేసుకుంటుంది. అది ఖర్చయిపోయిన రోజున పౌడరు నిజంగా చెడిపోవడం మొదలుపెడుతుంది. వేడి ఈ ఖర్చును తొందరపెడుతుంది. రైఫిళ్ళకు పనికొచ్చిన తొలి స్మోక్‌లెస్ పౌడరును 1884లో తయారుచేసింది పాల్ వియే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. ఆ ఫ్రెంచి నౌకాదళమే చెడిపోయిన ఆ రకం పౌడరు వల్ల టూలోన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే రెండు యుద్ధనౌకలను పోగొట్టుకుంది. వందలమంది చనిపోయారు. ఇంట్లో ఒక్క పౌండు డబ్బా అలా దానంతటదే అంటుకోవడం చాలా అరుదు, మిమ్మల్ని హడలగొట్టడానికి ఇది చెప్పడం లేదు. అది అసంభవం కాదని మాత్రం తెలిసి ఉండాలి.

కాబట్టి డబ్బాలను ఒక్కొక్కటిగా, ఇంటి బయట నీడలో, కళ్ళద్దాలు పెట్టుకుని, చుట్టుపక్కల సిగరెట్టు, మంట లేకుండా చూసుకుని పరీక్షించండి. సీలు తియ్యని నాలుగింటి మీద కంపెనీ పేరు, పౌడరు పేరు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) స్పష్టంగా ఉంటే, డబ్బా ఉబ్బకుండా, మరక పడకుండా ఉంటే, వాటిని ఉంచుకోవచ్చు. అయితే కంపెనీలు అప్పుడప్పుడు కొన్ని లాట్లు త్వరగా చెడిపోతున్నాయని వెనక్కి పిలుస్తాయి కనుక, లాట్ నంబరు చెప్పి కంపెనీనే అడగండి. వాడిన అయిదు డబ్బాల విషయం ఇంకొంచెం తిరకాసు. డబ్బా మీద ఉన్న పేరే లోపలి పౌడరుదని మీరెలా నమ్ముతారు? పెద్దాయన త్రాసులో మిగిలిన పౌడరును ఎప్పుడూ అదే డబ్బాలో పోసేవారా? ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నవారు మీరు. ఆయన బల్ల మీద ఒకేసారి రెండు డబ్బాలు తెరిచి ఉండడం చూశారో లేదో గుర్తు తెచ్చుకోండి. పద్ధతిగల మనిషని మీకు నమ్మకముంటే ఉంచుకోవచ్చు. కానీ అదే మనిషి గాజు సీసాలో పౌడరు, కాఫీ డబ్బాలో ప్రైమర్లు పోశారన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. నన్నడిగితే, ఒక పౌండు పౌడరు ధర ఒక రైఫిల్ ధరతోనో, ఒక కంటి విలువతోనో పోల్చదగినది కాదు. తెరిచిన డబ్బాలను నేనైతే అప్పగించేస్తాను.

మూత తీసినప్పుడు మంచి పౌడరు ఈథరు, స్పిరిటు లాంటి వాసన వేస్తుంది. ముక్కు మండించే ఆమ్లపు ఘాటు, ఎర్రటి ఇటుకపొడి లాంటి ధూళి, డబ్బా లోపలి తుప్పు, గింజలు ముద్దకట్టడం ఇవన్నీ చెడిపోతున్న గుర్తులు. మూత దగ్గర ఎర్రగోధుమరంగు పొగ కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, ఇంట్లోకి తీసుకురావద్దు. ఇంటికి దూరంగా నీడలో వదిలేసి ఫోన్ చెయ్యడమే. రెండు రేకు డబ్బాల మీద హెర్క్యులీస్ అనే పౌడర్ కంపెనీ పేరుందని రాశారు. ఆ వ్యాపారం 1995లో అలయంట్ అనే మరో కంపెనీ చేతికి వెళ్ళింది, అంటే ఆ డబ్బాలు కనీసం ముప్ఫై ఏళ్ళవి. అడుగు, మూత తుప్పు పట్టాయంటే అది బయటి తేమ వల్లనో, లోపలి ఆమ్లం వల్లనో మీరు తేల్చుకోలేరు. లోపలి పౌడరును వదిలెయ్యండి. ఖాళీ చేసిన ఆ పాత రేకు డబ్బాలను సేకరించేవాళ్ళుంటారు, జ్ఞాపకంగా అర మీద పెట్టుకోవడానికీ బాగుంటాయి.

వదిలించుకోవడానికి రీలోడర్లలో వాడుకలో ఉన్న పద్ధతులు కొన్నున్నాయి. ఖాళీ స్థలంలో పల్చగా పరిచి, దూరం నుంచి సన్నని దారిలా పోసి అంటించడం ఒకటి. కానీ నగర పరిధిలో అది చట్టవిరుద్ధం కావచ్చు, టెక్సస్ కౌంటీలు వేసవిలో తరచుగా బహిరంగ మంటలను నిషేధిస్తాయి, గడ్డి ఎండి ఉన్నప్పుడు ఒక నిప్పురవ్వ చాలు. నైట్రోజన్ ఉంటుంది కదా అని పచ్చికలో కొద్దికొద్దిగా చల్లేవాళ్ళూ ఉన్నారు. పరిమాణం తక్కువైతే పచ్చికకు పెద్ద నష్టం లేకపోవచ్చు గాని, నాలుగేళ్ళ పిల్ల ఆడుకునే పెరట్లో అది నాకు నచ్చదు. నీళ్ళలో పోసి చెత్తలో వెయ్యడం వల్ల ప్రయోజనం లేదు, పౌడరు నీళ్ళలో కరగదు, ఆరితే మళ్ళీ మండుతుంది. మీ శ్రీమతి చెప్పిన చెత్తబండి మార్గం అన్నిటికంటే చెడ్డది. చెత్తను అణిచే యంత్రం దగ్గర నిలబడేది మరొకరి ఇంటి మనిషి. కాఫీ డబ్బా కోసం ఎలాగూ అగ్నిమాపక శాఖకు ఫోన్ చేస్తున్నారు కనుక, పౌడరును కూడా అప్పుడే అప్పగించడం మీ పరిస్థితిలో తేలికైన దారి.

కంపెనీ పెట్టెల్లో ఉన్న ప్రైమర్లు దీనికి పూర్తిగా వేరు. 2020 తర్వాత అవి ఎంత కరువయ్యాయో, ధర ఎంత పెరిగిందో మీకు తెలుసు. పొడిగా ఉన్న ప్రైమర్లు దశాబ్దాల పాటు నిలుస్తాయి. ఇప్పటి కంపెనీ పేర్లు, స్పష్టమైన సైజు ఉన్న పెట్టెలను వాడుకోవచ్చు. చెక్క ట్రేల్లో ఉన్నాయని రాసినవాటి గురించి మాత్రం ఆగండి. చాలా పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేటు ఉండేది, దాని అవశేషం తేమను పీల్చి బారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. కొన్నింటిలో పాదరసం ఉండేది, అది ఇత్తడి కేసును పెళుసుగా మారుస్తుంది. అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ప్రైమర్లు 1920ల చివరి నుంచి క్లోరేటు వదిలిపెట్టడం మొదలుపెట్టాయి, సైన్యానికి చేసినవి మాత్రం 1950ల మొదటి దాకా ఆ పాత పద్ధతిలోనే సాగాయి. వాటిని కాల్చకండి. పెట్టె నిండుగా ఉండి బాగుంటే తూటాలు సేకరించేవారు విలువ కడతారు, కాని పోస్టులో పంపడం అమెరికా తపాలా శాఖ నిషేధించింది, స్వయంగా వచ్చి తీసుకునేవారే కావాలి.

వాడుకోవాలనుకున్న ప్రైమర్లను కూడా ఒకేసారి వందల తూటాల్లో పెట్టకండి. కొద్ది తూటాలు చేసి పరీక్షించండి. పెద్దాయన నోటు పుస్తకం తూకాలు కాక, మీ చేతిలో ఉన్న పౌడరుకు ఆ కంపెనీ ఈ రోజు ఇస్తున్న పట్టికలోని ఆరంభ తూకంతో మొదలుపెట్టండి. ఆరంభ తూకం ఇవ్వకపోతే గరిష్ఠ తూకంలో పదిశాతం తగ్గించి మొదలుపెట్టండి. ట్రిగ్గరు నొక్కాక పేలకపోతే రైఫిలు మూతిని లక్ష్యం వైపే ఉంచి అరనిమిషం ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. చప్పుడు నీరసంగా వస్తే మరో గుండు కాల్చకుండా బారెల్ లోపల చూడండి. బలహీనమైన ప్రైమరు వల్ల బుల్లెట్టు బారెల్‌లోనే ఇరుక్కుని ఉంటే, దాని వెనక మరొకటి కాలిస్తే రైఫిల్ చీలిపోతుంది. పాత సామాను వాడేవారికి జరిగే ప్రమాదాల్లో ఇదొకటి, తప్పించుకోవడానికి సులువైనది కూడా.

పెద్దాయన నింపిన రెండు వందల తూటాలను ఆయన మీద ఉన్న గౌరవంతోనే ఒక్కటి కూడా కాల్చకండి. మరొకరు నింపిన తూటా ఎవరూ కాల్చకూడదన్నది రీలోడర్ల పాత నియమం. ఆయన తన రైఫిలుకు కొలిచి చేసినవి మీ రైఫిలుకు ఎక్కువ కావచ్చు, వయసు మీదపడిన రోజుల్లో ఒక కేసులో రెండుసార్లు పౌడరు పోసి ఉండవచ్చు. కేసులోంచి బుల్లెట్టును లాగే పనిముట్టు, బుల్లెట్ పుల్లరుతో తీరిక దొరికినప్పుడు విప్పండి. బుల్లెట్లు, కేసులు పనికొస్తాయి, పౌడరు పనికిరాదు. కొన్నింటిని విప్పకుండా జ్ఞాపకంగా దాచుకుంటాననుకుంటే, అవి బతికున్న తూటాలేనని గుర్తుంచుకుని తాళంలోనే ఉంచాలి. పౌడరు, ప్రైమరు లేకుండా ఒక కేసు, ఒక బుల్లెట్టు కలిపి బల్ల మీద పెట్టుకునే తూటా చేసుకోవడం ఇంకా మంచిది.

ఇత్తడి కేసులకు వయసు పెద్ద శత్రువు కాదు. బ్రిటిష్ పాలనలో మన దేశంలో సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వచేస్తే, గుర్రాల మూత్రంలోని అమ్మోనియా వల్ల కేసులు ఉన్నచోటనే పగిలిపోయేవి. కారణాన్ని శాస్త్రీయంగా తేల్చింది 1921లో. కాబట్టి అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కడగకండి. అడుగుకు కొంచెం పైన మెరిసే గీతలా కనిపిస్తే ఆ కేసు సాగి పల్చబడిందని అర్థం, పక్కన పడెయ్యండి. సీసపు బుల్లెట్ల మీద తెల్లటి పొడి పట్టిందని రాశారు, మీ పిల్లల దృష్ట్యా మొత్తం ఉత్తరంలో నాకు కాఫీ డబ్బా తర్వాత ముఖ్యమనిపించింది అదే. అది సీసపు సమ్మేళనం. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదని వైద్యులు చెబుతున్నారు. వాటిని ఇంట్లోకి తేకుండా మూతపెట్టి గరాజులోనే ఉంచండి. చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. పని చేసిన బట్టలు వేరుగా ఉతకండి, పిల్లలను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడగండి. ఈ సామాను కొన్నాళ్ళుగా గరాజులో ఉంది కనుక పిల్లల డాక్టరుతో ఒక మాట చెప్పి రక్తపరీక్ష చేయించడంలో తప్పులేదు.

ఇక తమ్ముడి సంగతి. ఇక్కడ మొహమాటానికి చోటు లేదు. అమెరికా ఫెడరల్ చట్టంలో తూటా అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడరు అన్నీ ఉన్నాయి. హెచ్1బితో సహా వలసేతర వీసాల (తాత్కాలికంగా ఉండడానికి ఇచ్చే వీసాల) మీద ఉన్నవారు, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండడం నేరం. మినహాయింపుల్లో ముఖ్యమైనది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా తమ్ముడి అలమరాలో వెయ్యి ప్రైమర్లుంటే ఆయనకు 15 ఏళ్ళ దాకా శిక్ష పడవచ్చు, దేశం నుంచి పంపెయ్యనూ వచ్చు. తెలిసి ఇచ్చిన మీరూ నేరస్తులే. గ్రీన్‌కార్డు ఉన్న మీకు వర్తించని నిషేధం ఒకే ఇంట్లో ఉండే మరొకరికి వర్తిస్తుందని చాలా తెలుగు కుటుంబాలకు తెలియదు. తమ్ముడు మీ ఇంట్లోనే ఉంటే ఆ తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. వేట లైసెన్సు తీసుకుని సరిగ్గా చేద్దామనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడిగి, కాగితాలు చేతికి వచ్చాకే మాట్లాడమనండి. మీ కోసం మీరు తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, నింపి అమ్మడానికి మాత్రం తయారీదారు లైసెన్సు ఉండాలి. క్లబ్బులో ఎవరైనా డబ్బిస్తామంటే ఒప్పుకోకండి.

నాన్నగారికి ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి. భారతదేశపు 1959 ఆయుధాల చట్టం తూటా అనే మాటలో దాని విడిభాగాలను, తూటా తయారుచేసే యంత్రాలను కూడా చేర్చింది. మీరు ఇనుప మరలా చూస్తున్న ప్రెస్సు, హైదరాబాదు విమానాశ్రయంలో అధికారుల కంటికి అలాగే కనిపిస్తుందన్న హామీ ఏమీ లేదు. బాబాయి లైసెన్సు ఆయన తుపాకీకి, ఆయనకు అనుమతించిన తూటాలకే గాని, తయారీకి కాదు. మన విమానాశ్రయాల్లో బ్యాగు మూలన మరిచిపోయిన ఒక్క తూటాకే కేసులు పెట్టిన సంగతి నాన్నగారు పేపర్లో చదివే ఉంటారు. ప్రయాణానికి ముందు ఆయన పెట్టెలో పిల్లలు ఆటకు వేసిన ఖాళీ కేసు కూడా లేదని మీరే ఒకసారి చూడండి. గరాజులో సర్దే పనిలో ఆయన సాయం తీసుకోకపోవడం కూడా మంచిది, విజిటర్ వీసా కూడా వలసేతర వీసాయే.

మీ శ్రీమతి భయం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. గాజు సీసా, కాఫీ డబ్బా, వాటర్ హీటర్ పక్కన అరలు, ఈ మూడింటిలో ఆవిడ మాటే సరైనది, మీరు ఉత్తరంలో "ఆడవాళ్ళ భయం" అని రాయడం సరికాదు. ఆవిడకు ధైర్యం చెప్పడం కంటే ఏమేం వెళ్ళిపోయాయో, ఏమేం ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోవడం మేలు. ఆ తర్వాత కూడా ఇంట్లో పౌడరు వద్దని ఆవిడ అంటే మీకు రెండు దారులున్నాయి. ప్రెస్సు, డైలు, త్రాసు, కేసులు ఉంచుకుని, కూతురు పెద్దదయ్యేదాకా రీలోడింగ్ ఆపెయ్యడం ఒకటి. ఆ ఇనుము మీ తర్వాతి తరానికి కూడా చెడిపోదు, అప్పుడు కొత్త పౌడరు కొనుక్కుంటారు. బాగున్న ప్రైమర్లను చట్టప్రకారం అర్హుడైన క్లబ్బు మిత్రుడికి అప్పటిదాకా ఇవ్వడమో అమ్మెయ్యడమో రెండోది. దానివల్ల డబ్బు వస్తుంది, మళ్ళీ కావాలంటే అప్పటి ధర పెట్టాలి. మొదటిదే మీ ఇంటికి సరిపోతుందని నాకనిపిస్తోంది, కానీ ఆ ఇంట్లో ఉండేది మీరిద్దరూ.

నోటు పుస్తకాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అందులోని తూకాలు మీకు పనికిరావు, కాని ఒక మనిషి ఒక్కో రైఫిలు స్వభావాన్ని ఎంత ఓపికగా తెలుసుకున్నాడో అందులో ఉంటుంది. పెద్దాయన భార్య మళ్ళీ "వాడుతున్నావా?" అని అడిగితే దాటవెయ్యకుండా ఉన్నది చెప్పండి. ప్రెస్సు నా బల్ల మీద ఉంది, పేరు లేని పౌడరు, విడి ప్రైమర్లు అగ్నిమాపక శాఖకు అప్పగించాను అనండి. మెషినిస్టు భార్యకు అది అర్థంకాకపోదు. ఆ మాట మీదనే ఆవిడను ఇంకొకటి అడగండి, ఇంట్లో ఇంకేమైనా మిగిలిందా అని. పెరటి షెడ్డులో, మంచం కింద, పాత ట్రంకులో ఇలాంటి డబ్బాలు మరికొన్ని ఉండే అవకాశం ఎక్కువ. ఒంటరిగా ఉన్న ఆవిడ వాటిని గరాజ్ సేల్‌లో పెట్టకముందే, వీలైనంత తొందరగా మీరు వెళ్ళి చూడండి.